వార్డులో బీడీ మానిపించడం: మొదటి రాత్రి నుంచి ఆరో నెల దాకా

ఆసుపత్రికి వచ్చేవాళ్ళెవరూ బీడీ మానేద్దామని రారు. ఆయాసం పట్టలేక 108లో వస్తారు. కాలివేళ్ళు నల్లబడితే ఆదోని నుంచో పత్తికొండ నుంచో కొడుకులు పట్టుకొస్తారు. బెడ్డు మీద పడుకోబెట్టి ఆక్సిజన్ తగిలించగానే బీడీ దానంతటదే ఆగిపోతుంది. మానడం అక్కడే మొదలైపోయిందన్న సంగతి ఆయనకూ తట్టదు, వార్డులో మనకూ తట్టదు. కర్నూల్లో మేం పనిచేసే వార్డులో మొదట్లో చేసిన పొరపాటు అదే. డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టే రోజు "ఇంక తాగొద్దు పెద్దాయనా" అని ఒక మాట చెప్పి పంపేవాళ్ళం. కష్టమైన రోజులన్నీ అప్పటికే అయిపోయి ఉండేవి. వాటిని ఆయన పళ్ళు బిగబట్టి దాటాడో, బాత్రూములో రెండు దమ్ములు లాగి దాటాడో ఎవరం అడగలేదు. ఇప్పుడు చేరిన రోజే మొదలుపెడతాం. ఆ పని ఎలా సాగుతుందో, ఎక్కడెక్కడ చెడుతుందో రాస్తున్నాను.

ఒంట్లో ఉన్న నికోటిన్ సగానికి పడిపోవడానికి సుమారు 2 గంటలు చాలు. పొద్దున 10కి చివరి బీడీ తాగినవాడికి సాయంత్రం 6 అయ్యేసరికి అప్పుడున్నదాంట్లో మిగిలేది పదహారో వంతు. అందుకే మధ్యాహ్నం దాకా బుద్ధిగా ఉన్న మనిషి దీపాలు పెట్టే వేళకు మారిపోతాడు. చిరాకు, ఉన్నచోట ఉండలేకపోవడం, నిద్ర రాకపోవడం, మాట మీద ధ్యాస నిలవకపోవడం, దిగులు, ఊరికే ఆకలి. ఇవి 2, 3 రోజుల్లో బాగా ముదిరి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతూ 2 నుంచి 4 వారాల్లో సర్దుకుంటాయి. కేసు షీట్లో మాత్రం "పేషెంట్ మాట వినడం లేదు" అని పడుతుంది. సెలైన్ సూది పీక్కున్నవాడినీ, సిస్టర్ మీద కేకలేసినవాడినీ, చెప్పాపెట్టకుండా బస్టాండుకు వెళ్ళిపోయినవాడినీ చివరి బీడీ ఎప్పుడు తాగావని అడిగితే చాలాసార్లు అసలు సంగతి బయటపడుతుంది.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. చేతులు వణకడం, ఒళ్ళంతా చెమటలు, జ్వరం, గోడ మీద పురుగులు పాకుతున్నాయనడం, ఇవి కలిసి కనిపిస్తే బీడీ మానినందుకు వచ్చినవి కావు. మందు తాగే అలవాటు ఉన్నట్టుండి ఆగితే ఇలా వస్తుంది. ప్రాణం మీదికి తెచ్చే సంగతి, వెంటనే డ్యూటీ డాక్టర్ని పిలవాలి. రెండు అలవాట్లూ కలిసి ఉండేవాళ్ళు తక్కువేం కాదు కాబట్టి బీడీ గురించి అడిగిన నోటితోనే మందు గురించీ అడుగుతాం.

అడగడంలోనే సగం పని చెడుతుంది. "పొగతాగే అలవాటుందా?" అంటే లేదనే జవాబు వస్తుంది. అది అబద్ధం కాకపోవచ్చు. చాలామంది లెక్కలో స్మోకింగ్ అంటే సిగరెట్టు. బీడీ టీ లాంటిది, దాన్ని అలవాటు కింద చెప్పరు. పైగా పక్కన భార్యో కోడలో నిలబడి ఉంటుంది. అందుకని ఉందా లేదా అని అడగం. బీడీనా, సిగరెట్టా, చుట్టా అని అడుగుతాం. ఆ తర్వాత ఖైనీ, గుట్కా, ఆకువక్కలో పొగాకు, ఒక్కోదాన్నీ పేరు పెట్టి అడుగుతాం. ఇవి విడిగా అడగకపోతే ఆయన పెదవి కింద ఖైనీ పెట్టుకుని మంచం మీద హాయిగా ఉంటాడు, బీడీ మానిపించామని మనం సంబరపడుతుంటాం.

బానిసత్వం ఎంత గట్టిదో తెలియడానికి రెండు సంగతులు చాలు. నిద్ర లేచాక మొదటిది ఎంతసేపటికి ముట్టిస్తాడు, రోజుకు మొత్తం ఎన్ని. 5 నిమిషాల్లోపల ముట్టిస్తే 3 మార్కులు, అరగంటలోపలైతే 2, గంటలోపలైతే 1, గంట దాటితే సున్నా. లెక్కకొస్తే రోజుకు 10 దాకా సున్నా, 11 నుంచి 20కి 1, 21 నుంచి 30కి 2, ఆపైన 3. రెండూ కలిపి 5 గానీ 6 గానీ వస్తే గట్టి పట్టు, 3, 4 మధ్యరకం. ఈ పట్టును కొలిచే ఫాగర్‌స్ట్రామ్ పరీక్షలో మొత్తం 6 ప్రశ్నలుంటాయి గానీ, అడ్మిషన్ల హడావుడిలో అన్నీ అడిగే తీరిక ఉండదు. ఈ రెండే అందులో బరువైనవి.

లెక్క చెప్పేటప్పుడు "కట్ట" అంటారు. కట్టలో ఎన్నుంటాయో కంపెనీని బట్టి మారుతుంది. ఆ కట్ట ఆయనొక్కడే తాగుతాడా, కల్లంలో నలుగురూ పంచుకుంటారా అన్నది కూడా అడగాలి. బీడీ సన్నగా ఉంది కదా అని రెంటిని కలిపి ఒక సిగరెట్టుగా లెక్కేయడం తప్పు. పొగాకు తక్కువే, కానీ తునికాకు సరిగా మండదు. ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ లాగాలి. నికోటినూ తారూ కార్బన్ మోనాక్సైడూ లోపలికి తక్కువేం పోవు.

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు ఒక్కోసారి మందుల చీటీ మొత్తం రాసిపెట్టినట్టు ఉంటుంది.

"పెద్దాయనా, లేస్తానే ఎంతసేపటికి ముట్టిస్తావు?"

"ఎంతసేపేందమ్మా. చెంబు పట్టుకొని పొయ్యేతప్పుడే నోట్లో ఉండాల. అది లేకుంటే కడుపు కదలదు గదా."

ఇందులో రెండు సంగతులున్నాయి. 3 మార్కులు పడ్డాయి, అది ఒకటి. రెండోది ఆ కడుపు మాట. దాన్ని మూఢనమ్మకమని నవ్వి వదిలేయకూడదు. నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది, అది ఆగితే మొదటి వారాల్లో మలబద్ధకం రావడం మామూలే. మంచం మీదే ఉండటం, నొప్పి మాత్రలు, ఆసుపత్రి అన్నం, ఇవన్నీ కలిస్తే మూడో రోజుకు కడుపు రాయిలా అవుతుంది. నాలుగో రోజు పొద్దున ఆ పెద్దాయన బీడీ కోసం మెట్లు దిగేది కోరికతో కాదు, కడుపుబ్బరంతో. అందుకని చేరిన రోజు రాత్రి నుంచే గోరువెచ్చని నీళ్ళు, అరటిపండు, డాక్టరు సరేనంటే ఇసాబ్‌గోల్ మొదలవుతాయి. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఉంటుందని మేమూ అనుకోలేదు.

ఇక నికోటిన్ మందులు. వాటి వెనకున్న ఆలోచన పేషెంటుకు చెప్పకపోతే "బీడీ మానమని మళ్ళీ నికోటినే ఇస్తారేంది" అని అనుమానపడతాడు. ఊపిరితిత్తుల్నీ గుండెనూ తినేది పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్. బీడీకి కట్టిపడేసేది నికోటిన్. పొగ లేకుండా నికోటిన్ మాత్రం కొంచెం కొంచెంగా ఇచ్చి, అదీ తగ్గిస్తూ పోతాం. "బండిని ఒక్కసారి బ్రేకేసి ఆపితే పడతావు, గేరు తగ్గించుకుంటా రావాల" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

నమిలే నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది, 4 మిల్లీగ్రాములది దొరుకుతుంది. 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండానే ఇస్తారు, 4కి డాక్టరు చీటీ కావాలి. లేచిన అరగంటలోపు ముట్టించేవాళ్ళకు 4, మిగతావాళ్ళకు 2. మొదటి 6 వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాతి 3 వారాలు 2 నుంచి 4 గంటలకొకటి, ఆఖరి 3 వారాలు 4 నుంచి 8 గంటలకొకటి. రోజుకు 24 దాటకూడదు. అంతకు ఎక్కువ నమిలినవాళ్ళను మేం చూళ్ళేదు, బాధంతా తక్కువ నమలడంతోనే. రోజుకు రెండు మూడు నమిలి "ఇది పనిచేయదు మేడమ్" అంటారు. మొదటి వారాల్లో రోజుకు కనీసం 9 పడాలి. అందుకే "కోరిక పుట్టినప్పుడు నమలు" అని చెప్పడం మానేశాం. కోరిక పుట్టాక నమిలితే అది ఎక్కేసరికి మనిషి టీ కొట్టు దగ్గర ఉంటాడు. గంటలు చూసి నమలమంటాం, మందుల చార్టులో కూడా అలాగే రాయిస్తాం.

నమిలే పద్ధతి మాటల్లో చెబితే కుదరదు. మొదటి గమ్ మా ఎదుటే నమిలిస్తాం. నోట్లో వేసుకుని నెమ్మదిగా నాలుగైదుసార్లు నమలాలి. మిరియం కొరికినట్టు చురుక్కుమంటుంది. అనగానే నమలడం ఆపి దాన్ని చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టాలి. చురుకు తగ్గిన నిమిషానికి మళ్ళీ నమలాలి, ఈసారి రెండో బుగ్గన పెట్టాలి. ఇలా అరగంట. ఆ అరగంటలో ఎక్కువసేపు నోరు కదలకూడదు. బబుల్‌గమ్ లాగా గబగబా నమిలితే నికోటిన్ ఉమ్మితో కలిసి కడుపులోకి పోతుంది. ఎక్కిళ్ళు, గుండెల్లో మంట, వికారం పట్టుకుంటాయి, కోరిక మాత్రం అలాగే ఉంటుంది. మర్నాడు గమ్ ప్యాకెట్టు దిండు కింద నుంచి కదలదు.

రెండో చిక్కు పులుపుతో, టీతో. నికోటిన్ బుగ్గ లోపలి చర్మం నుంచే ఒంటికి ఎక్కాలి. నోరు పుల్లగా ఉంటే ఎక్కదు. కాఫీ, టీ, మజ్జిగ, చింతపండు పులుసు, కూల్‌డ్రింకు, ఏది తాగినా 15 నిమిషాలు ఆగాలి, గమ్ నోట్లో ఉన్నంతసేపూ ఏమీ తినకూడదు, తాగకూడదు. వార్డులో 6 గంటలకు టీ వస్తుంది. బీడీ పట్టు గట్టిగా ఉండేది కూడా సరిగ్గా ఆ వేళకే. కాబట్టి టీకి ముందు గమ్ అయిపోవాలి, లేదా టీ తాగి నోరు పుక్కిలించి పావుగంట ఆగాలి. దీన్ని ఏ రోగికైనా రెండుసార్లు చెప్పాల్సిందే.

పళ్ళు లేనివాళ్ళు, కట్టుడు పళ్ళవాళ్ళు, గుట్కాతో నోరు బిగుసుకుపోయి రెండు వేళ్ళు కూడా దూరనివాళ్ళు గమ్ నమలలేరు. వాళ్ళకు చప్పరించే నికోటిన్ బిళ్ళ గానీ, ఒంటికి అంటించే నికోటిన్ ప్యాచ్ గానీ. రోజుకు 10కి పైన తాగేవాళ్ళకు 21 మిల్లీగ్రాముల ప్యాచ్ 6 వారాలు, తర్వాత 14ది 2 వారాలు, 7ది 2 వారాలు. పట్టు గట్టిదైతే ప్యాచ్ వేసి పైన గమ్ కూడా ఇవ్వడం ఒక్కదానితో సరిపెట్టడం కంటే మేలు. ప్యాచ్ రోజంతా అడుగున నిలబెడుతుంది, గమ్ మధ్యలో ఎగిసే కోరికను అణుస్తుంది.

మన ఎండలకు ప్యాచ్‌తో ఉన్న తంటా అది ఊడిపోవడం. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను కింద కూడా చెమట కారుతుంది. భుజం పైభాగమో వీపో, వెంట్రుకలు లేనిచోట సబ్బు, కొబ్బరినూనె జిడ్డు లేకుండా కడిగి, బాగా ఆరనిచ్చి, అరచేత్తో 10 సెకన్లు నొక్కి పట్టాలి. రోజూ చోటు మార్చకపోతే కింద ఎర్రగా దద్దురు లేస్తుంది. రాత్రి పీడకలలు వస్తే పడుకునే ముందు తీసేయాలి. తీసినదాన్ని జిగురువైపు లోపలికి మడిచి పిల్లలకు అందకుండా పారేయాలి, అందులో ఇంకా నికోటిన్ మిగిలి ఉంటుంది. ఎమ్మారైకి పంపేముందు తప్పకుండా తీయాలి. కొన్నిటి వెనక పల్చటి అల్యూమినియం పొర ఉంటుంది, అది కాలి చర్మం బొబ్బలెక్కుతుంది. ఒళ్ళు కాలే జ్వరంలో ప్యాచ్ నుంచి నికోటిన్ ఎక్కువగా ఎక్కుతుంది. వికారం, తలతిరుగుడు కనిపిస్తే డాక్టరుకు చెప్పి తక్కువ డోసుకు మార్పిస్తాం.

వార్డులో ఎక్కువగా పొరబడేది డెరిఫిలిన్ దగ్గర. ఆయాసం రోగులకు ఆ మందు ఇంకా వాడుతున్నారు, అందులో ఉండేది థియోఫిలిన్ రకమే. పొగలోని తారు కాలేయంలో ఒక ఎంజైమును రెచ్చగొట్టి థియోఫిలిన్‌ను తొందరగా కరిగించేస్తుంది. ఇది నికోటిన్ చేసే పని కాదు, పొగ చేసే పని. కాబట్టి గమ్ వేసినా ప్యాచ్ వేసినా, పొగ ఆగిన కొద్ది రోజులకే అదే డోసు ఒంట్లో పేరుకోవడం మొదలవుతుంది. వాంతి, గుండెదడ, చేతుల వణుకు, మరీ పెరిగితే మూర్ఛ. మూడో రోజు వాంతి కాగానే అందరి కళ్ళూ గమ్ మీద పడతాయి. గమ్ ఆపేస్తారు, డెరిఫిలిన్ నడుస్తూనే ఉంటుంది. మొదటి వారంలోనే ఆ డోసును నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గించాలేమో డాక్టర్ని చూడమంటాం. ఇంటికెళ్ళి మళ్ళీ బీడీ పట్టినవాడికి కథ తిరగబడుతుంది. వార్డులో సరిపోయిన డోసు ఇంట్లో చాలక ఆయాసంతో వెనక్కి వస్తాడు. మానసిక రోగులకిచ్చే ఒలాంజపిన్, క్లోజపిన్‌లదీ ఇదే లెక్క. షుగరు రోగి మానితే ఇన్సులిన్ ఎక్కువై చక్కెర పడిపోవచ్చు, గ్లూకోమీటరు మామూలుకంటే తరచుగా పెడతాం.

టీలోని కెఫీన్ కూడా ఆ దారిలోనే కరుగుతుంది. పొగ మానాక రోజూ తాగే 6 టీలే ఇంచుమించు రెట్టింపు ఎక్కుతాయి. దడ, నిద్రలేమి వస్తే బీడీ మానడం వల్లే అనుకుంటాడు. టీ సగం చేయమంటే ముఖం మాడ్చుకుంటారు, అయినా చెప్పాలి.

పొగ మానడానికి మాత్రలు రెండు రకాలున్నాయి, రెండూ డాక్టరు చీటీతోనే. బుప్రోపియాన్ 150 మిల్లీగ్రాములు 3 రోజులు రోజుకొకటి, తర్వాత రోజుకు రెండు. మూర్ఛ ఉన్నవాళ్ళకూ, తాగుడు ఉన్నట్టుండి ఆపినవాళ్ళకూ పనికిరాదు. వారెనిక్లిన్ అర మిల్లీగ్రాముతో మొదలై వారంలో 1 మిల్లీగ్రాము రోజుకు రెండుసార్లకు చేరుతుంది, మొత్తం 12 వారాలు. రెండూ పట్టుకోవడానికి వారం పైనే పడుతుంది కాబట్టి మొదటి రాత్రికి అక్కరకు రావు. ఆ రాత్రికి నికోటినే.

గుండెపోటు వచ్చి రెండు వారాలు కానివాళ్ళకు, గుండె లయ తప్పినవాళ్ళకు నికోటిన్ మందు ఇవ్వాలా వద్దా అన్నది గుండె డాక్టరు నిర్ణయం. సర్జరీ వార్డులో ఇంకో రకం వస్తారు. 40 ఏళ్ళు కూడా నిండని మగవాళ్ళు, షుగరు ఉండదు, కాలివేళ్ళు ఒక్కొక్కటే నల్లబడతాయి. అది బర్జర్ జబ్బు. అందులో పొగాకు పూర్తిగా మానడమే అసలు మందు, రోజుకు ఒకటి తాగినా జబ్బు ఆగదు, ఖైనీ పెట్టినా ఆగదు. నికోటిన్ కూడా ఒంటికి పడకపోవచ్చని అక్కడ గమ్, ప్యాచ్ వెనక్కి పెట్టి ముందు మాత్రలు ఆలోచిస్తారు. "తగ్గించు" అన్న మాట ఆ మంచం దగ్గర ఎవరూ అనకూడదు.

ఎగిసిన కోరిక 3 నుంచి 5 నిమిషాలుంటుంది. ఆ కాసేపు చేతికీ నోటికీ పని కావాలి. గ్లాసుడు నీళ్ళు గుక్కగుక్కగా, నాలుగు సోంపు గింజలు, నడవగలిగితే వరండా ఆ చివరి దాకా. వక్కపొడి వద్దు, దాని వెనకే పొగాకు వస్తుంది. రోగి కంటే తోడున్నవాళ్ళు పెద్ద సమస్య. ముసలాయన గోల చూడలేక కొడుకే లుంగీ మడతలో రెండు బీడీలు తెచ్చిస్తాడు. అతన్ని తిట్టి లాభం లేదు. "రాత్రి మీ నాయన గోలపెడితే మమ్మల్ని లేపు, మందుంది" అని చెప్పి గమ్ అతని చేతికే ఇస్తే ఆ బీడీలు రావు. ఆక్సిజన్ నడిచే మంచం దగ్గర నిప్పు పడితే ఏమవుతుందో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాం. ముక్కులోని గొట్టం, దుప్పటి, గడ్డం, అన్నీ భగ్గుమంటాయి.

డిశ్చార్జి అసలు పరీక్ష. ఆసుపత్రిలో ఎంత బాగా చూసినా గేటు దగ్గర చేతులు దులుపుకుంటే నిలబడేవాళ్ళు పెద్దగా పెరగరు. ఇంటికెళ్ళాక కనీసం నెల రోజులు వెంటపడాలి. చీటీలో జబ్బు పేర్ల వరుసలో "పొగాకు వ్యసనం" అని కూడా రాయిస్తాం, లేకపోతే ఊళ్ళో డాక్టరుకు తెలియదు. గమ్ కనీసం రెండు వారాలకు చేతికిచ్చి పంపాలి. నికోటిన్ మందులు 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేరాయి గానీ, మా ఫార్మసీ అరలో ఉన్న రోజులూ ఉన్నాయి, ఇండెంటు పెట్టి ఎదురుచూసిన రోజులూ ఉన్నాయి. లేనప్పుడు బయట కొనమంటాం. రోజు బీడీల ఖర్చుకంటే గమ్ ఖర్చు ఎక్కువే అవుతుంది, సిగరెట్లవాళ్ళకు చెప్పినట్టు "డబ్బు మిగులుతుంది" అని బీడీవాళ్ళకు చెబితే నవ్వుతారు. పొగాకు ప్యాకెట్ల మీద అచ్చయ్యే 1800-11-2356 పొగాకు మానేవాళ్ళకు సాయం చేసే నంబరు, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. వార్డులో ఉండగానే ఒకసారి వాళ్ళ ఫోన్ నుంచి చేయిస్తే ఇంటికెళ్ళాక భయం లేకుండా చేస్తారు.

మా ఫోన్లు 2వ రోజు, 7వ రోజు, 14వ రోజు, నెలకు, 3 నెలలకు, 6 నెలలకు. నంబరు చాలాసార్లు మనవడిది. ఇద్దరివి రాసుకోవాలి, ఒకటి ఊళ్ళో ఉండేవాళ్ళది. ఎందుకంటే కోసిగి, మంత్రాలయం వైపు ఇళ్ళకు తాళాలేసి గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కోతల కూలికి, పోతారు. చేలో పదిమంది కలిసి కూర్చున్నప్పుడు కట్ట చేతులు మారుతుంది, అక్కడే జారతారు. పోయేముందే గమ్ ఎన్ని మూటలో వేసుకోవాలో లెక్కగట్టి చెబుతాం.

ఫోన్లో "మానేశావా?" అని అడిగితే "ఆ, మానేసినా మేడమ్" అనే వస్తుంది. "ఈ 7 రోజుల్లో ఎన్ని తాగినావు నాయనా, ఒకటా, రెండా?" అని అడగాలి. ఒకటి తాగానంటే కోప్పడం. ఏ పూట, ఎవరితో, గమ్ అయిపోయిందా ఉందా, ఇవి అడిగి అదే రోజు నుంచి మళ్ళీ గంటల లెక్కకు తెస్తాం. తిట్టు తిన్నవాడు మూడో ఫోన్ ఎత్తడు. ఆరో నెలలో ఫోన్ ఎత్తనివాళ్ళను రిజిస్టరులో తాగుతున్నట్టే రాస్తాం, మంచి జరిగి ఉంటుందని ఊహించుకోవడం లేదు. సుగ్గి నుంచి తిరిగొచ్చే రోజుల్లో ఆ పేర్లకు ఇంకోసారి చేస్తాం. ఎత్తితే పాత గడి కొట్టేసి పక్కన కొత్తది నింపుతాం.